కాలువగట్టు మీద పర్యావరణ పాఠం

పర్యావరణ విద్య మన కళాశాలల్లోకి అధ్యాపకుల కోరికవల్ల గాని, విద్యార్థుల ఉద్యమంవల్ల గాని రాలేదు. న్యాయస్థానం ఆజ్ఞవల్ల వచ్చింది. 1991 నవంబరు 22న యం. సి. మెహతా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, సినిమాహాళ్లలో పర్యావరణ ప్రచారం చేయమనీ, పాఠశాలల్లోనూ కళాశాలల్లోనూ దానిని తప్పనిసరి పాఠ్యాంశం చేయమనీ ఆదేశించింది. డిగ్రీ తరగతులన్నిటికీ ఆరునెలల పాఠ్యక్రమం తయారుకావడానికి సుమారు పుష్కరకాలం పట్టింది. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ రూపొందించిన ఆ పాఠ్యక్రమంలో 50 పీరియడ్లు. 45 గదిలో, 5 మాత్రమే బయట. నూరు మార్కుల్లో మాత్రం క్షేత్ర పరిశీలనకు 25 మార్కులు కేటాయించారు.

ఈ లెక్కలోని లోగుట్టును విద్యార్థులు మనకన్నా ముందే కనిపెట్టారు. అయిదు పీరియడ్లకు పాతిక మార్కులు వస్తుంటే ఎండలో తిరిగేవాడెవడు? నిరుటి విద్యార్థి రికార్డు కొత్త అట్ట తొడుక్కుని మళ్లీ వస్తుంది. అలాంటి రికార్డులమీద కళ్లు మూసుకుని సంతకాలు చేసినవాళ్లలో నేనూ వొకణ్ణి.

కాని పరిసరాన్నే పాఠం చేయాలన్న ఆలోచన ఈ ఆజ్ఞకంటే చాలా పాతది. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన, జాకిర్ హుస్సేన్ సంఘం రూపు దిద్దిన మౌలిక విద్యకు కేంద్రాలు మూడు: చేతిపని, ప్రకృతి పరిసరం, సామాజిక పరిసరం. రాట్నం తిప్పే పిల్లవాడు పత్తిచేనును గురించీ, వానను గురించీ, నూలు ధరను గురించీ ఆ పనిలోనే నేర్చుకోవాలన్నమాట. ఊహ గొప్పది. అయితే ఆచరణలో ఏమైంది? కలవారి పిల్లలు మామూలు బడికే పోయారు; రాట్నం పేదల బడికి గుర్తుగా మిగిలింది. శ్రమను గౌరవించని సమాజంలో శ్రమతో చెప్పే చదువు రెండోరకపు చదువు కాక తప్పలేదు. 1975లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి తన పదేళ్ల పాఠ్యప్రణాళికలో ప్రాథమిక తరగతులకు పరిసరాల అధ్యయనాన్ని చేర్చింది. తెలుగులో దానికి 'పరిసరాల విజ్ఞానం' అని చక్కని పేరే పెట్టుకున్నాం. పేరు మారినా పద్ధతి మారలేదు; పిల్లలు చెరువు బొమ్మ గీశారు గాని చెరువులో దిగలేదు.

దిగినచోటు వొకటి వుంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు 16 మాధ్యమిక పాఠశాలల్లో ప్రయోగాలద్వారా విజ్ఞానం బోధించే కార్యక్రమం మొదలుపెట్టాయి. పిల్లలే పొలంవెంట తిరిగి సేకరించారు, పిల్లలే ప్రశ్నించారు. పరీక్షహాల్లోకి పుస్తకం తెచ్చుకోవచ్చు, చేతితో చేసి చూపాలి. ముప్పయ్యేళ్లు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో ప్రభుత్వమే మూసివేసింది. ప్రశ్నించడం నేర్చిన పిల్లవాడు ఎక్కడ ఆగుతాడో ఏ ప్రభుత్వానికి తెలుసు? మనవైపు 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక, దాని 'చెకుముకి' పత్రిక బడివెలుపల చేసిన కృషిని ఇక్కడ తలచుకోక తప్పదు. బడిలోపలికి అది చేరవలసినంతగా చేరలేదు.

ఇక మా రామచంద్రపురం సంగతి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఇది కోనసీమ జిల్లాలో చేరింది గాని, ఇక్కడి పెద్దలకు కోనసీమ అంటే గౌతమి అవతలి గడ్డే. మాది తూర్పు డెల్టా. ఇక్కడ మనం ప్రకృతి అని మురిసిపోయే పచ్చదనాన్ని ప్రకృతి ఊరికే ఇవ్వలేదు. 1847–52 మధ్య కాటన్ ధవళేశ్వరం దగ్గర కట్టించిన ఆనకట్ట, దానికి రాయి మోసిన పేరులేని కూలీలు, ఏటా పూడిక తీసిన చేతులు ఇచ్చిన పచ్చదనమది. మనిషి శ్రమను తీసేసి డెల్టా పర్యావరణాన్ని చెప్పబోవడం నీటిని తీసేసి కాలువను చెప్పబోవడమే.

పక్కనేవున్న ద్రాక్షారామంలో భీమేశ్వరాలయ శాసనాలున్నాయి. అఖండదీపానికి నెయ్యి సమకూర్చడంకోసం దాతలు పశువుల మందలను బోయల వశం చేసినట్టు వాటిలో కనిపిస్తుంది. ఆ శాసనాల భాషను ఎన్నోసార్లు పాఠం చెప్పాను. వొకసారి విద్యార్థులను వెంటబెట్టుకుని వెళితే వొక అమ్మాయి అడిగింది: "ఇన్ని మందలు ఎక్కడ మేశాయండీ? ఇప్పుడు గట్టుమీద తప్ప గడ్డే లేదు కదా!" విభక్తి ప్రత్యయాలు వెతికిన నాకు ఆ ప్రశ్న తట్టలేదు. పుట్టెడు ధాన్యం పండే నేల వొకప్పుడు పచ్చికబయలు కావచ్చునన్న ఊహ పాఠ్యపుస్తకంలోని ఏ అధ్యాయంలోనూ లేదు.

మరో రోజు కాలువగట్టున తెల్లని పళ్లేన్ని తాడుకు కట్టి నీళ్లలోకి దించాం. పళ్లెం ఎంత లోతున కనుమరుగవుతుందో కొలిస్తే నీటి మురికి తెలుస్తుంది. లాకుల ఎగువన వొక కొలత, వూరి మురుగు కలిసేచోట వొక కొలత. రెంటికీ తేడా ఎందుకో చెప్పినవాడు లస్కరు కొడుకు. ఏ తూము ఎప్పుడు ఎత్తుతారు, శివారు భూములకు నీరు ఎన్నాళ్లకు అందుతుంది, గుర్రపుడెక్క ఎక్కడ అడ్డుపడుతుంది – అన్నీ వాడి నోటివెంట వచ్చాయి. తరగతిలో వాడు చివరి బెంచీ.

పాఠ్యక్రమం విపత్తులని పేర్కొన్నవి నాలుగు: వరద, భూకంపం, తుపాను, కొండచరియలు విరిగిపడటం. నాలుగూ ప్రకృతి ఖాతాలోవే. 1996 నవంబరు 6న వెయ్యిమందికి పైగా బలిగొన్న తుపాను అందులో ఇముడుతుంది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో చమురు సంస్థ బావి పేలి 65 రోజులు మండిన మంట ఇమడదు. 2014 జూన్ 27న నగరంలో గ్యాసు గొట్టం పేలి జనం కాలిపోయిన వుదయమూ ఇమడదు. ఆ గ్రామాల బంధువులున్న విద్యార్థులు నా తరగతిలో వున్నారు. వాళ్లు ఏ జవాబు రాస్తే మార్కులు పడతాయో వాళ్లకు తెలుసు, అదే రాస్తారు.

ఈసారి కాలువలు కట్టేశాక అడుగు బయటపడిన రోజున విద్యార్థులను దించి, పూడికలో ఏముందో రాయించాలని వుంది. కాని కాలువలు కట్టేది వేసవిలో. అప్పటికి పరీక్షలైపోయి, రికార్డులమీద సంతకాలు కూడా పడిపోయి వుంటాయి.