సీసా మీద ఒక పేరు, సుంకం పట్టీలో ఒక అంకె

సుంకం అన్న మాట మనకు కొత్తదేమీ కాదు. కన్నడంలోనూ అదే మాట, సుంక. పాత శాసనాలు చూస్తే సంతకు వచ్చిన మిరియాల మీద, వక్కల మీద, ఎద్దు మోసిన బరువు మీద సుంకం వసూలు చేసిన లెక్కలు కనిపిస్తాయి. సుంకరి బండి ఆపి అడిగే మొదటి ప్రశ్న "ఎంత ఉంది?" అని కాదు, "ఏమిటది?" అని. సరుకు పేరు తేలితే గానీ రేటు తేలదు. ఈ రోజు ఓడరేవులో జరిగేదీ అదే. ఈసారి మేము విస్కీని ఎంచుకోడానికి కారణం, "ఏమిటది?" అన్న ప్రశ్నకు ఒక్కో దేశం ఒక్కో జవాబు చెప్పడం, ఆ కథలో మన బెంగళూరుకూ ఒక పాత్ర ఉండడం.

ప్రపంచ దేశాలు సరుకులకు ఒకే రకం అంకెలు వాడాలని చేసుకున్న ఏర్పాటు పేరు హార్మొనైజ్డ్ సిస్టమ్. 1988 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. మొదటి ఆరు అంకెలు అన్ని దేశాలకూ ఒకటే, ఆ తర్వాతివి ఎవరి అవసరం వాళ్లది. మనదేశంలో ఎనిమిది అంకెలు వాడతారు. తాగే సారాయాలది 2208. అందులో ద్రాక్ష నుంచి తీసిన బ్రాందీ 2208.20, విస్కీ 2208.30, చెరకు సరుకుతో తీసిన రమ్ము 2208.40, జిన్ 2208.50, వోడ్కా 2208.60. చూస్తే చాలా తేలికగా ఉంది కదా. కానీ ఈ వరుసలో ఒక మెలిక ఉంది. వివరణల్లో విస్కీని ధాన్యం పులియబెట్టి కాచిన సారాయంగా చూస్తారు. పూర్తిగా చెరకు సరుకు నుంచే కాచినది రమ్ము అరలోకి పోతుంది. అంటే సీసా మీద అతికించిన పేరు కాదు, బట్టీలో పోసిన ముడిసరుకు ముఖ్యం.

ఈ తగువు బ్రిటన్‌లోనే మొదలయింది. లండన్ ఇస్లింగ్టన్‌లో 1905లో కొందరు వర్తకుల మీద కేసు పెట్టారు. కొత్త రకం బట్టీలో తీసిన ధాన్యపు సారాయాన్ని విస్కీ పేరుతో అమ్ముతున్నారని ఆరోపణ. మరుసటి ఏడాది శిక్ష పడింది. "అసలు విస్కీ అంటే ఏమిటి?" అని తేల్చడానికి 1908లో రాయల్ కమిషన్ వేశారు. 1909లో వాళ్లు తేల్చింది ఏమంటే, మొలకెత్తించిన ధాన్యంతో పులియబెట్టిన ధాన్యపు పిండి నుంచి తీసినదైతే చాలు, ఏ బట్టీ అయినా విస్కీయే. బట్టీ మాట పక్కకు పోయింది, ధాన్యం మాట నిలిచింది.

మనదేశంలో దారి వేరు. తిండిగింజలకే కటకటగా ఉన్న రోజుల్లో గింజలు బట్టీకి ఎవరు ఇస్తారు? చక్కెర మిల్లుల్లో మిగిలే మొలాసిస్ మాత్రం పుష్కలం. దాన్నుంచి స్పిరిట్ తీసి, కొంచెం మాల్ట్ విస్కీ కలిపి, రంగు వేసి విస్కీ పేరుతో అమ్మారు. ఇప్పుడు ధాన్యపు స్పిరిట్ వాడకం కూడా బాగా పెరిగింది. మన చట్టానికి మొలాసిస్ దానితో పేచీ లేదు. యూరప్‌కు ఉంది. 1989 నుంచీ అక్కడి నిబంధనల ప్రకారం విస్కీ ధాన్యంతోనే తీయాలి, 700 లీటర్లకు మించని చెక్క పీపాల్లో కనీసం మూడేళ్లు ఉంచాలి, 40 శాతం ఆల్కహాల్ ఉండాలి. మన దుకాణంలో విస్కీగా అమ్ముడైన సీసా అక్కడ ఆ పేరుతో షెల్ఫు ఎక్కలేదు.

ఇక్కడే బెంగళూరు మాట వస్తుంది. 1948లో మొదలైన అమృత్ డిస్టిలరీ 2004లో తన సింగిల్ మాల్ట్‌ను స్కాట్లండ్‌లోని గ్లాస్గోలోనే విడుదల చేసింది. బార్లీతో చేసింది, పీపాల్లో ఉంచింది, అక్కడి లెక్కలన్నీ సరిపోయాయి. మన వేడికి పీపాలోంచి ఏడాదికి ఆవిరయ్యేది స్కాట్లండ్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకని ఇక్కడ సరుకు తొందరగా పదునెక్కుతుంది, తొందరగా తరిగిపోతుంది కూడా. "మీరు చెప్పిన అర్థం ప్రకారమే మాదీ విస్కీ" అని వాళ్ల ఊళ్లోనే నిలబడి చూపించడం చిన్న విషయం కాదు.

పేరు తేలాక రేటు గొడవ. జపాన్‌లో షోచు మీద తక్కువ పన్ను, విస్కీ మీద ఎక్కువ పన్ను ఉండేది. 1996లో ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు విభాగం అది తప్పని తేల్చింది. రెండు సరుకులు ఒకేలాంటివా అని చూసేటప్పుడు సుంకం పట్టీలో వాటి స్థానం కూడా ఒక ఆనవాలే అంది. మనదేశం వంతు 2007లో వచ్చింది. విదేశీ మద్యం మీద మామూలు సుంకం కాక అదనపు సుంకం కూడా ఉండేది. మద్యం మీద ఆబ్కారీ పన్ను రాష్ట్రాలది, కస్టమ్స్ కేంద్రానిది. రాష్ట్రాలు ఇక్కడి సరుకు మీద వేసే పన్నుకు సమానంగా పైసరుకు మీద ఇది వేస్తున్నామని మన వాదన. అమెరికా, యూరప్ ఫిర్యాదు చేశాయి. 2007 జులై 3న కేంద్రం అదనపు సుంకం తీసేసింది. అదే నెల 1వ తేదీ నుంచి కర్ణాటకలో సారాయి నిషేధం. పెద్దవాళ్ల సీసాకు సుంకం తగ్గిన వారంలోనే కూలివాళ్ల ప్యాకెట్టు పోయింది. రెండింటికీ సంబంధం లేదు గానీ, తారీకులు పక్కపక్కన పెడితే మనసులో ఏదో కలుక్కుమంటుంది.

అంకె ఎంత పని చేస్తుందో 2025లో మళ్లీ చూశాం. ఫిబ్రవరిలో అమెరికా బోర్బన్ మీద మొత్తం సుంకం 150 నుంచి 100 శాతానికి దిగింది. స్కాచ్ మీద దిగలేదు. మన ఎనిమిది అంకెల పట్టీలో బోర్బన్‌కు విడిగా వరుస ఉంది కాబట్టే అది సాధ్యమైంది. జులై 24న బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందం ప్రకారం అక్కడి విస్కీ సుంకం 75కు, పదో ఏటికి 40కి దిగాలి.

ఇదంతా కుటుంబ చరిత్ర రాసుకునే చోట ఎందుకంటారా? పట్టీలో ఒక సరుకుకు ఒకే గడి. జనగణనలోనూ మాతృభాషకు ఒకే గడి, ఆ పక్కన తెలిసిన వేరే భాషలకు ఇంకో రెండు. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ అయిన మనలాంటి ఇళ్లల్లో ఆ మొదటి గడిలో ఏమి రాయాలన్నది మూడు తరాలుగా నడుస్తున్న మాట. విస్కీ విషయంలో ముడిసరుకు ఏమిటని చూశారు. మన విషయంలో చూడటానికి అధికారి రాడు, మనం చెప్పిందే రాసుకుంటాడు. కాబట్టి రేపు గణకుడు తలుపు తట్టేలోపు ఇంట్లో పెద్దలూ పిల్లలూ కూర్చుని ఆ మాట ఒకసారి అనుకుంటే మంచిది.