మిల్లు, స్టోరు

మా అక్క కూతురు ఎమ్మిగనూరు నుంచి ఫోన్ చేసింది. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. కర్నూల్లో ఒక షాపులో రెండు లాప్‌టాప్‌లు చూసిపెట్టుకుందట. ధర ఇంచుమించు ఒకటే. ఒకదాంట్లో వేగమైన ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్. ఇంకోదాంట్లో ఒక మెట్టు కింది ప్రాసెసరు, 16 జీబీ ర్యామ్.

"ఏది తీసుకోవల్ల మామా? ఐ7 అంటేనే మేలు కదా?"

మా బావ వాళ్ళది మగ్గం ఇల్లు. ఈ డబ్బు ఆయన అప్పు చేసి ఇస్తున్నది. ఇది తప్పు పడితే మిగిలిన చదువంతా ఆ తప్పుతోనే గడవాలి. రేపు చెప్తానన్నాను. జవాబు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. కానీ నేను పుట్టింది ఆదోనిలో, మా నాన్న ఒక జిన్నింగ్ ఫ్యాక్టరీలో గుమాస్తా. ఈ ప్రశ్నను నేను కంప్యూటర్ కంటే ముందే చూశానని ఆ రాత్రి తట్టింది.

1830లలో లండన్‌లో చార్లెస్ బాబేజ్ అనలిటికల్ ఇంజన్ అనే యంత్రానికి బొమ్మలు గీశాడు. అది పూర్తిగా తయారు కాలేదు. కానీ లెక్క చేసే భాగం వేరు, సంఖ్యల్ని దాచే భాగం వేరు అనే ఏర్పాటు అందులోనే స్పష్టంగా కనిపిస్తుంది. మొదటిదానికి మిల్లు అని, రెండోదానికి స్టోరు అని పేరు పెట్టాడు. రెండూ బట్టల పరిశ్రమ నుంచి తెచ్చుకున్న మాటలే. స్టోరులోంచి సరుకు మిల్లుకు పోతుంది, పనయ్యాక తిరిగి స్టోరుకు వస్తుంది. ఆ తర్వాత వందేళ్ళకు వచ్చిన ఇంజనీర్లు ఈ మాటల్ని వదిలేసి ప్రాసెసరు, మెమరీ అన్నారు. నన్నడిగితే పాత మాటలే నయం. మెమరీ అంటే ఏదో మనసులో ఉండేదనిపిస్తుంది. స్టోరు అంటే చోటు అని ఎవరికైనా తెలుస్తుంది.

ఆదోని వాళ్ళకు మరీ బాగా తెలుస్తుంది. గింజల పత్తి అంత చోటు తినే సరుకు ఇంకోటి లేదు. దాని బరువులో దాదాపు మూడో వంతే దూది, మిగతాదంతా గింజ. 170 కిలోల బేలు ఒకటి కట్టాలంటే సుమారు 5 క్వింటాళ్ళ గింజల పత్తి కావాలి. ఆ 5 క్వింటాళ్ళు నేల మీద పోస్తే ఒక గది నిండిపోతుంది. సీజనులో మార్కెట్ యార్డు నుంచి బండ్లు, లారీలు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. జిన్నుల పక్కన పత్తి కొండ లేచేది. ఆ కొండ ఉన్నంతసేపే జిన్నుకు పని. జిన్ను దగ్గర చోటు చాలక పత్తిని ఊరి చివర ఎక్కడో దించితే, ప్రతి విడతకూ బండి కట్టుకుని పోయి తేవాలి. బండి వచ్చేదాకా రోలర్లు వట్టిగా తిరగాల్సిందే, కూలీలు బీడీలు కాల్చుకోవాల్సిందే. అప్పుడు రెండింతలు వేగమున్న జిన్ను తెచ్చి పెడితే ఏమవుతుంది? రెండింతలు తొందరగా ఖాళీ అయి కూర్చుంటుంది.

(ప్రెస్సింగ్ సంగతి కూడా చెప్పాలి. దూదిని అదిమి బేళ్ళు కట్టేది చోటు కోసమే. ఈనాటి ఆపరేటింగ్ సిస్టాలు ర్యామ్ చాలనప్పుడు లోపలి డేటాను ఇలాగే నొక్కి పెడతాయి. నొక్కడానికీ విప్పడానికీ కొంత శ్రమ ప్రాసెసరుకు పడుతుంది. దూరం పోయి తెచ్చుకోవడం కంటే అదే చవక.)

ఆదోని నుంచి ఎమ్మిగనూరు ముప్పై కిలోమీటర్ల లోపే. అక్కడ ఇదే కథ మగ్గం మీద నడిచింది. నాడెను ఒక చేత్తో విసిరి ఇంకో చేత్తో పట్టుకోవడం పాత పద్ధతి. 1733లో ఇంగ్లండులో జాన్ కే దానికి తాడు కట్టాడు. తాడు లాగితే నాడె తనంతట తానే అటూ ఇటూ పోతుంది. నేత వేగం అమాంతం పెరిగింది. వెంటనే నూలు చాలకుండా పోయింది. వడికేవాళ్ళు అంతే మంది, రాట్నాలు అవే. 1764 ప్రాంతంలో హార్‌గ్రీవ్స్ స్పిన్నింగ్ జెన్నీ వచ్చేదాకా ఆ కొరత పీడిస్తూనే ఉంది.

1804 నాటి జకార్డు యంత్రం ఇంకో దారి పట్టింది. అది నాడె జోలికి పోలేదు. ఏ పడుగు పోగు ఎప్పుడు లేవాలో గుర్తుంచుకునే పనిని మనిషి నుంచి తీసి రంధ్రాల అట్టలకు ఇచ్చింది. ఒక్కో పేకకు ఒక్కో అట్ట. బాబేజ్ తన యంత్రానికి అట్టల్ని ఇక్కడి నుంచే తీసుకున్నాడు. సుమారు 24 వేల అట్టలతో పట్టు మీద నేసిన జకార్డు చిత్రపటం ఒకటి ఆయన ఇంట్లో ఉండేది కూడా.

1938లో మాచాని సోమప్ప చొరవతో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం మొదలైంది. సోమప్పకు తర్వాత పద్మశ్రీ ఇచ్చారు. ఆయన మీద వచ్చే వ్యాసాలు దాతృత్వం గురించి చెప్పి ఊరుకుంటాయి. నాకు అంతకంటే ఆసక్తికరంగా తోచేది సహకార సంఘం అనే ఏర్పాటే. అది మగ్గాన్ని వేగం చేయదు. నూలు కొని నిలవచేసి నేతగాడికి ఇస్తుంది, నేసిన బట్టను తీసుకుని నిలవచేసి అమ్ముతుంది. అంటే అది పెట్టేది స్టోరు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మద్రాసు రాష్ట్రమంతటా నూలుకు కటకట వచ్చి కంట్రోలు పెట్టారు. మగ్గం ఉంది, చేతుల్లో పని ఉంది, కండె మీద పోగు లేదు. అలాంటి రోజున ఫ్లై షటిల్ ఉన్నవాడూ లేనివాడూ ఒకటే.

బళ్ళారి, ఆదోని వైపు పత్తికి వ్యాపారంలో వెస్టర్న్స్ అని పేరు. 1861-65 మధ్య అమెరికా అంతర్యుద్ధంతో అక్కడి పత్తి ఆగిపోయి లాంకషైర్ మిల్లులు మూతపడుతున్నప్పుడు, మన నల్లరేగడి పత్తికి ఎక్కడ లేని గిరాకీ వచ్చింది. ఆ మిల్లులకు రాజధాని మాంచెస్టర్. సరిగ్గా ఆ మాంచెస్టర్‌లోనే, 1948 జూన్ 21న, ప్రోగ్రామును తన మెమరీలోనే దాచుకుని నడిచిన మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ పనిచేసింది. ముద్దుపేరు బేబీ. దానికి తీసివేత తప్ప వేరే లెక్క రాదు. 2 ఘాతం 18కి అతి పెద్ద కారణాంకం వెతకడానికి 52 నిమిషాలు పట్టింది. అంత నెమ్మది యంత్రాన్ని ఎందుకు కట్టారంటే, విలియమ్స్, కిల్‌బర్న్‌లు కనిపెట్టిన కొత్త రకం స్టోరు సరుకు నిలుపుతుందా లేదా చూడటానికి. టీవీ ట్యూబు లాంటి గొట్టంలో 32 మాటలు, మాటకు 32 బిట్లు. మిల్లు ఏదో ఒకటి ఉంటే చాలనుకున్నారు, వాళ్ళ బెంగంతా స్టోరు మీదే.

అదే ఊళ్ళో 1962లో అట్లాస్ వచ్చింది. దగ్గరి మెమరీ సుమారు 16 వేల మాటలు, దూరంగా తిరిగే డ్రమ్ములో 96 వేలు. ప్రోగ్రామరుకు రెండూ కలిపి ఒకే స్టోరులా కనిపించేట్టు చేశారు. లోపల చాలనప్పుడు కావలసినదాన్ని డ్రమ్ము నుంచి తెచ్చి, అక్కర్లేనిదాన్ని బయటికి పంపే పని యంత్రమే చూసుకుంటుంది. ఊరి చివర గోదాము, మధ్యలో బండి. ఇవాళ మన లాప్‌టాప్‌లన్నీ చేసేది ఇదే.

బండి ఎప్పుడో ఒకసారి తిరిగితే ఇబ్బంది లేదు. రోజంతా బండే తిరుగుతుంటే దాన్ని థ్రాషింగ్ అంటారు. 1968లో పీటర్ డెనింగ్ దీని గుట్టు చెప్పాడు. ఏ ప్రోగ్రామైనా ఒక సమయంలో తన సరుకులో కొంత భాగాన్నే పదే పదే ముట్టుకుంటుంది. దానికి వర్కింగ్ సెట్ అని పేరు పెట్టాడు. అది దగ్గరి మెమరీలో పడితే అంతా హాయి. కాస్త ఎక్కువైతే వేగం కాస్త తగ్గుతుందనుకుంటాం. అలా జరగదు, ఒక్కసారిగా కూలిపోతుంది.

ఇది నేను పుస్తకంలో చదవకముందే డబ్బు పెట్టి నేర్చుకున్నాను. 2009లో నాన్న ఇచ్చిన డబ్బుతో పీసీ అసెంబుల్ చేయించుకున్నా. హాస్టల్లో గొప్ప చెప్పుకోవడానికి ఉన్నవాటిలో వేగమైన ప్రాసెసరు తీసుకుని, మిగిలిన డబ్బుకు 1 జీబీ ర్యామ్ వేయించా. ఎంచుకున్నది నేనే, షాపువాణ్ణి అనడానికి లేదు. ఎక్లిప్స్ తెరిచి పక్కన బ్రౌజరు తెరిస్తే హార్డ్ డిస్కు కరకరలాడుతూ ఎర్ర లైటు ఆరకుండా వెలిగేది. ప్రాసెసరు వాడకం చూస్తే పది శాతం కూడా ఉండేది కాదు. కూలీలు బీడీలు కాల్చుకుంటున్నారన్నమాట. సెలవులకు ఇంటికొస్తే నాన్న "బాగా పనిచేస్తాందా?" అనేవాడు. "బ్రహ్మాండంగా" అనేవాణ్ణి.

ఇప్పుడు డిస్కుల చోట ఎస్సెస్‌డీలు వచ్చాయి కాబట్టి ఆ బాధ పోయిందంటారు. కొంతే పోయింది. ర్యామ్ నుంచి ఒక ముక్క అందడానికి సుమారు 100 నానోసెకన్లు, ఎస్సెస్‌డీ నుంచి 100 మైక్రోసెకన్ల ప్రాంతం, పాత డిస్కు నుంచి 10 మిల్లీసెకన్లు. ర్యామ్‌కు పట్టేది ఒక్క నిమిషం అనుకుంటే ఎస్సెస్‌డీకి 16 గంటల పైన, పాత డిస్కుకు 69 రోజులు.

అయితే ఎంత ర్యామ్ ఉంటే అంత మంచిదని కాదు. వర్కింగ్ సెట్ 6 జీబీ అయినవాడికి 16 పెట్టినా 64 పెట్టినా తేడా తెలియదు, మిగతా గోదాము ఎలుకలకు. వీడియోలు ఎడిట్ చేసి ఎగుమతి చేసేవాళ్ళకు, సరుకు చేతిలోనే ఉండి గంటలకొద్దీ లెక్క చేసేవాళ్ళకు మిల్లే పెద్దదవాలి. అందుకే మర్నాడు పొద్దున దానికి ఫోన్ చేసి ముందు అడిగింది, ఏం పని చేస్తావని. ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటరు, బ్రౌజరులో ఇరవై ట్యాబులు. కాలేజీ ల్యాబులో అవన్నీ ఒకేసారి తెరిచి టాస్క్ మేనేజర్లో మెమరీ ఎంతుందో, సీపీయూ ఎంతుందో చూసి చెప్పమన్నాను. ఆ 8 జీబీ దానికి తర్వాత ర్యామ్ వేసుకోవడానికి స్లాటు ఉందేమో షాపులో కనుక్కోమన్నాను.

సాయంత్రం తనే చేసింది. మెమరీ 93 శాతం, సీపీయూ 20 దాటలేదు. స్లాటు లేదు, బోర్డుకే అతికించేసినారంట.

"అయితే 16 జీబీదే తీసుకో పాపా."

"ఐ7 కాదా మరి?" గొంతులో నీరసం. వెనక నుంచి మగ్గం చప్పుడు ఆగింది. మా బావ ఫోన్ తీసుకున్నాడు.

"ఏంది బావా, కత్తి లాంటిది వద్దంటాన్నావంట?"

పొద్దున నుంచి మనసులో తిరుగుతున్న బాబేజ్, బేబీ, అట్లాస్ అన్నీ పక్కన పెట్టి, "కండెలు అయిపోతే నువ్వేం చేస్తావు బావా?" అన్నాను.

ఒక క్షణం మాట్లాడలేదు. "సరేలే," అన్నాడు. "దాంతో పాటు సంచి ఊరికే ఇస్తారా లేదా, అది అడుగు."