పుదుచ్చేరి: ఒకే పాలన, ప్రాంతానికో అమరిక

పుదుచ్చేరి పట్టణం రాజధానిగా ఉన్న కేంద్రపాలిత ప్రాంతం ఒకచోట కలిసి ఉన్న భూభాగం కాదు. తమిళనాడు తీరాన పుదుచ్చేరి, కారైకాల్, కేరళ తీరాన మాహే, కాకినాడకు దగ్గరలో గోదావరి ఒడ్డున యానాం విడివిడిగా ఉన్నాయి. ఫ్రెంచి ప్రభుత్వం 1954 నవంబరు 1న వీటి పాలనను భారతదేశానికి అప్పగించగా, 1956 నాటి విలీన ఒప్పందం 1962లో అమల్లోకి వచ్చాక, 1963 జులై 1 నుంచి ఇవి ఒకే కేంద్రపాలిత ప్రాంతమయ్యాయి.

మూడు భాషల ప్రజలను ఒకే సచివాలయం నుంచి పాలించవలసి రావడంతో, 1965 నాటి అధికార భాషా చట్టం తమిళాన్ని ప్రధాన భాషగా పేర్కొని, మాహేలో మలయాళానికి, యానాంలో తెలుగుకు అవకాశం కల్పించింది. అంటే సాధారణ నియమాన్ని ఒక్కసారే రాసి, మినహాయింపులను మాత్రం ప్రాంతం పేరుతో విడిగా చేర్చింది. పాఠశాలల్లోనూ దశాబ్దాలపాటు యానాం ఆంధ్రప్రదేశ్ పాఠ్యప్రణాళికను, మాహే కేరళ ప్రణాళికను అనుసరించాయి.

ఒకే వ్యవస్థతో వేర్వేరు ప్రాంతాల అవసరాలు తీర్చవలసిన ఇదే సమస్య తరువాత వెబ్ అప్లికేషన్లకూ ఎదురైంది. పాల్ మొకాపెట్రిస్ 1983లో రూపొందించిన డొమైన్ నేమ్ సిస్టమ్‌లో ఒక పేరుపై అధికారం ఉన్నవారు దానికి ముందు మరో పేరు చేర్చి కొత్త చిరునామాను సృష్టించవచ్చు; దానినే సబ్‌డొమైన్ అంటారు. పుదుచ్చేరి ప్రభుత్వ చిరునామా ‘పివై డాట్ గవ్ డాట్ ఇన్’ ముందు ‘పోలీస్’ అని చేరిస్తే పోలీసు శాఖ సైటు వస్తుంది. తొలినాళ్లలో బ్రౌజర్ పంపే అభ్యర్థనలో సైటు పేరు ఉండేది కాదు కనుక సాధారణంగా ఒక్కో సైటుకు ఒక్కో సంఖ్యా చిరునామా కావలసి వచ్చేది. 1997 జనవరిలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం ‘హోస్ట్’ అనే వరుసలో ఆ పేరును తప్పనిసరి చేయడంతో ఒకే సర్వర్ అనేక పేర్లకు సమాధానమివ్వడం సులువైంది.

ఒకే అప్లికేషన్ నాలుగు ప్రాంతాలకూ వేర్వేరు సబ్‌డొమైన్లతో సేవలందించాలంటే, అది హోస్ట్ వరుసలోని మొదటి భాగాన్ని విడదీసి, పట్టికలో ఆ ప్రాంతపు భాష, చిహ్నం, డేటాబేస్ వంటి అమరికలను వెతికి, అక్కడ లేనివాటికి ఉమ్మడి అమరికలను వాడుతుంది. పట్టికలో లేని పేరుతో వచ్చిన అభ్యర్థనను తిరస్కరించాలి. వేగం కోసం దాచిన పేజీలను సబ్‌డొమైన్ పేరుతో కలిపి గుర్తించాలి. లేకుంటే యానాం పౌరుడికి మాహే కోసం దాచిన మలయాళ పేజీ అందవచ్చు.

నాలుగు ప్రాంతాలకు నాలుగు ప్రోగ్రాములు రాయడం మొదట తేలికగా కనిపించినా, ఒకదానిలో సరిదిద్దిన లోపం మిగిలిన మూడింటిలో అలాగే ఉండిపోయే ప్రమాదముంది. ఉమ్మడి నియమాన్ని ఒకచోట ఉంచి, తేడాలను మాత్రమే వేరుగా నమోదు చేసే 1965 నాటి పద్ధతి అందుకే కంప్యూటర్ కాలానికీ సరిపోయింది.