గేటు ముందు వంద గజాలు

స్వర్ణోత్సవ సంచికకు మన బడి చరిత్ర ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. భవనాలు, హెడ్‌మాస్టర్లు, ర్యాంకుల సంగతి మిగతావాళ్లు నాకంటే బాగా రాస్తారు. గేటుకు కుడిపక్క గోడమీద ఉన్న చిన్న బోర్డు గురించి నేను రాస్తాను. బడికి వంద గజాల లోపల సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తులు అమ్మరాదని దాని మీద ఉంటుంది. రోజూ దాని ముందునుంచే నడిచినా చదివినవాళ్లు తక్కువ.

మన సంఘం పుట్టిన 1975లోనే పార్లమెంటు పొగాకు మీద రెండు చట్టాలు చేసింది. మొదటిది పొగాకు బోర్డు చట్టం. గుంటూరులో బోర్డు కార్యాలయం వచ్చింది దానివల్లే. రెండోది సిగరెట్ల చట్టం. ఆరోగ్యానికి హానికరమని పెట్టెమీద అచ్చువేయమంది. పంట పెంచడానికి ఒకటి, పంటతో జాగ్రత్త అనడానికి ఇంకొకటి, ఒకే ఏడాది! కొనేవాడి వయసెంత అన్న ప్రశ్న మాత్రం రెండింటిలోనూ లేదు. ఇంగ్లండులో పదహారేళ్లలోపు పిల్లలకు సిగరెట్లు అమ్మరాదని 1908లోనే చట్టం వచ్చింది. ఆ రోజుల్లోనే మన గిరీశం 'కన్యాశుల్కం'లో శిష్యుడు వెంకటేశానికి చుట్ట కాల్చడం నేర్పుతున్నాడు. మనం నవ్వుకున్నాం, ఇప్పటికీ నవ్వుకుంటాం.

మన ప్రకాశం జిల్లాలో పొగాకును తప్పుపట్టడం అంత తేలిక కాదు. మన సైన్సు గది పొగాకు రైతుల చందాలతోనే లేచింది. మనలో చాలామంది సెలవుల్లో బేరన్ల దగ్గర కర్రలకు ఆకు కట్టి పుస్తకాల డబ్బులు సంపాదించుకున్నవాళ్లమే. మా ఇంటి సంగతి ఇంకో అడుగు ముందుంది. గేటుకు ఎదురుగా ఉన్న కిళ్ళీ కొట్టు మా నాన్నది.

అప్పుడు నేను ఎనిమిదో తరగతి. మధ్యాహ్నం గంట కొట్టగానే నాన్న భోజనానికి ఇంటికెళ్తే కొట్లో నేను కూర్చునేవాణ్ణి. చిన్నపిల్లలకు బిళ్ళలు, పదో తరగతి అన్నలకు విడి సిగరెట్లు. స్తంభానికి వేలాడే కొబ్బరితాడు కొసన ఎప్పుడూ నిప్పు ఉండేది, అంటించుకోవడానికి. మా క్లాసువాడు ఒకడు మొదటిసారి దగ్గుతూ కాల్చిన సిగరెట్టు నా చేత్తో ఇచ్చిందే. యాభై దాటకుండానే గొంతు క్యాన్సరుతో పోయాడు. ఆ ఒక్క సిగరెట్టే కారణమని నేను అనను. కానీ వాడి దినానికి వెళ్లినప్పుడు వాళ్లావిడ మొహం చూడలేకపోయాను.

2003లో వచ్చిన చట్టం వయసు మాట ఎత్తింది. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు పొగాకు అమ్మరాదు. విద్యాసంస్థ ప్రహరీ బయటి అంచునుంచి వంద గజాల లోపల ఎవరికీ అమ్మరాదు. వంద గజాలంటే సుమారు 91 మీటర్లు. జరిమానా 200 రూపాయల వరకు. అమ్మే కొట్లో 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పుకు తగ్గని హెచ్చరిక బోర్డు ఉండాలి, బడి బయట ఇంకో బోర్డు ఉండాలి. మన బోర్డు ఖర్చు మన సంఘమే పెట్టుకుంది. ఒక డబ్బా తెల్లరంగు, కాస్త నల్లరంగు, పెయింటరు కూలి. బోర్డు పెట్టి, ఫొటో దిగి, ఇళ్లకు వెళ్లాం. మర్నాడు మధ్యాహ్నం గంటకు కొట్టుముందు అదే గుంపు. అప్పటికి కొట్టు మా తమ్ముడిది.

2018 వేసవిలో మా అబ్బాయి దగ్గరికి సన్నీవేల్ వెళ్లాను. అది శాంటా క్లారా కౌంటీలో ఉంది. ఆ కౌంటీలోనే 1988లో జరిగిన ఒక ప్రయత్నం గురించి అక్కడే చదివాను. 14 నుంచి 16 ఏళ్ల పిల్లలు 18 మందిని 412 దుకాణాలకు సిగరెట్లు కొనమని పంపారు. నూటికి 74 దుకాణాల్లో ఇచ్చేశారు. తర్వాత ఆరు నెలలు పత్రికల్లో, ప్రసారాల్లో ప్రచారం చేశారు. దుకాణదారులతో నేరుగా మాట్లాడారు, గొలుసు దుకాణాల పెద్దలను కలిశారు, ఊళ్లోని సంఘాలను కూడగట్టారు. మళ్లీ పిల్లలను పంపితే 74 కాస్తా 39 అయింది. డబ్బులు వేస్తే సిగరెట్లు రాల్చే యంత్రాల దగ్గర మాత్రం ఏమీ తగ్గలేదు. యంత్రం పేపరు చదవదు కదా! ఇల్లినాయ్ రాష్ట్రంలోని వుడ్‌రిడ్జ్ అనే ఊళ్లో 1989లో లైసెన్సులు పెట్టి, పోలీసులే తరచు పిల్లలతో కొనిపించి తనిఖీ చేశారు. అక్కడ 70 శాతం ఉన్న అమ్మకాలు రెండేళ్లలోపే 5 శాతం లోపుకు దిగాయి.

ఇవి చదివాక మన తప్పు తెలిసింది. మనం గోడతో మాట్లాడాం, కొట్టువాడితో మాట్లాడలేదు.

2019లో కేంద్రం విద్యాసంస్థలకు కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. వంద గజాల దగ్గర పసుపు గీత గీయమంది. గీత గీశాం. దాంతోపాటు తొమ్మిదో తరగతి పిల్లలచేత చుట్టుపక్కల కొట్లన్నిటికీ చేత్తో ఉత్తరాలు రాయించాం. కొట్టు యజమాని పేరు పెట్టి, 'బాబాయిగారికి', 'మామయ్యగారికి' అని. కేబుల్ టీవీ ఆయన వారం రోజులు కింద అక్షరాలు ఉచితంగా నడిపాడు. మొత్తం ఖర్చు కాగితాలు, రంగు డబ్బా. పిల్లల్ని పంపి కొనిపించి చూద్దామని నేనంటే హెడ్‌మాస్టరు వద్దన్నారు. ఆయన మాటే సబబు. అందుకే మన దగ్గర ముందు ఎంత, తర్వాత ఎంత అన్న లెక్క లేదు.

మా తమ్ముడికి ఉత్తరం ఇవ్వడానికి నేనే వెళ్లాను.

"రెండొందల జరిమానాకి ఇంత హడావిడా అన్నయ్యా?" అన్నాడు.

2015 నాటి బాలల న్యాయ చట్టం సంగతి చెప్పాను. పిల్లలకు పొగాకు ఇస్తే ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. కాసేపు మాట్లాడలేదు.

"ఈ కొట్టు డబ్బులతోనే నువ్వు బీఈడీ చదివావు" అన్నాడు తర్వాత.

నా దగ్గర జవాబు లేదు. కిళ్ళీ కొట్లో లాభం సిగరెట్టు మీద కాదు, సిగరెట్టు కోసం వచ్చినవాడు కొనే మిగతావాటి మీద అని నాకూ తెలుసు. మా క్లాసువాడి పేరు చెప్పాను. వాడు తమ్ముడికీ తెలుసు. చిన్నప్పుడు వాడి సైకిలు వెనకాల ఎక్కి తిరిగాడు. ఉత్తరం తీసుకుని గల్లాపెట్టెలో పెట్టాడు.

యూనిఫాంలో వచ్చినవాళ్లకు ఇవ్వడం మానేశాడు. పిల్లలు చొక్కా మార్చుకుని వచ్చారు. వాళ్లనీ గుర్తుపట్టి, "మీ నాన్నకి ఫోన్ చెయ్యనా?" అనడం మొదలెట్టాడు. పెద్దవాళ్లకు మాత్రం ఇప్పటికీ అమ్ముతాడు. వంద గజాల లోపల అదీ నేరమే, ఆ మాట మీద మా ఇద్దరికీ ఇంకా తెగలేదు. అదే ఏడాది దేశవ్యాప్త సర్వేలో 13 నుంచి 15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. మన బడిలో ఒక తరగతికి నలభై మంది అనుకుంటే సుమారు ముగ్గురు.

పోయిన నెల సంచిక పనిమీద బడికి వెళ్లాను. పసుపు గీత లారీ టైర్ల కింద దాదాపు చెరిగిపోయింది. తమ్ముడి కొట్లో ఆ ఉత్తరం ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఒకప్పుడు నిప్పుతాడు వేలాడిన స్తంభానికే మేకు కొట్టి ఉంది. రాసిన అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోందట. గీతకు మళ్లీ రంగు వేయడానికి డబ్బా తను కొనిస్తానన్నాడు తమ్ముడు. బ్రష్షులు మాత్రం సంఘమే చూసుకోవాలట.