ఉన్ని బంతి ఊళ్లో నిలవాలంటే..

బాల్ బ్యాడ్మింటన్ క్లబ్బు నిర్వహణ, సంక్రాంతి పోటీల ఏర్పాట్లపై ప్రత్యేక కథనం

సంక్రాంతి సమీపిస్తోందంటే ఈ ఆటకు పేరున్న పల్లెల్లో బాల్ బ్యాడ్మింటన్ కోర్టులకు కొత్త కళ వస్తుంది. కలుపు చెక్కుతారు, నీళ్లు చల్లి రోలరు లాగుతారు. కరపత్రాలు అచ్చవుతాయి. పండుగ మూడు రోజులూ ఊరంతా కోర్టు చుట్టూ చేరుతుంది. కనుమ దాటగానే వల విప్పుతారు. కొన్ని ఊళ్లలో ఆ వలను మళ్లీ కట్టేది వచ్చే సంక్రాంతికే. పోటీలు ఘనంగా జరిగినా ఊళ్లో ఆడేవారు మిగలకపోవడానికి కారణం ఇదే. ఏటా ఒక పండుగ కోసం నడిచే క్లబ్బు వేరు, రోజూ సాయంత్రం నడుస్తూ ఏడాదికొకసారి పండుగ చేసుకునే క్లబ్బు వేరు. ఈ రెండో తరహా క్లబ్బును నడపడానికి ఏం కావాలో తెలుసుకోవడం అవసరం.

ఇది మన దక్షిణాది ఆట. తంజావూరు రాజకుటుంబీకులు 1856 నాటికే దీనిని ఆడేవారని చెబుతారు. అఖిల భారత సమాఖ్య 1954లో ఏర్పడింది. తెలుగు నేలపై ఈ ఆట పేరెత్తగానే గుర్తుకొచ్చే వ్యక్తి జమ్మలమడక పిచ్చయ్య. 1970లో అర్జున పురస్కారం అందుకున్న ఆయన, వరంగల్‌లో నూరేళ్లు దాటిన వయసులో 2021 డిసెంబరులో కన్నుమూశారు. అంతటి క్రీడాకారుడిని ఇచ్చిన ఆటకు కావలసింది చదునైన మట్టి నేల, రెండు గుంజలు, ఒక వల, బ్యాట్లు, పసుపు రంగు ఉన్ని బంతి మాత్రమే. అమెరికాలో 1965లో పుట్టిన పికిల్‌బాల్ ఇప్పుడు హైదరాబాద్ వంటి నగరాల్లో గట్టి నేల వేసిన కోర్టులపై సందడి చేస్తోంది. దానిని తప్పుపట్టవలసిన పనిలేదు. అయితే అంతకన్నా తక్కువ ఖర్చుతో అయ్యే ఆట మన ఊరి బడి వెనుకే ఉందన్న సంగతి మరువరాదు.

నేల ఎవరిదో తేలాలి

కోర్టు పొడవు 24 మీటర్లు, వెడల్పు 12 మీటర్లు. పాత లెక్కన దాదాపు 80 అడుగులు, 40 అడుగులు. ఆటగాళ్లు వెనక్కు, పక్కలకు కదిలేందుకు చుట్టూ మరికొంత జాగా విడిచిపెట్టాలి. పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండేలా గీస్తే సాయంత్రపు ఎండ ఎవరి కళ్లలోనూ నేరుగా పడదు. గుంజల ఎత్తు 183 సెంటీమీటర్లు. వల నడుమ వాలిపోతే ఆట తీరే మారిపోతుంది కనుక రోజూ కొలకర్రతో సరిచూడటం మేలు. గీతలకు ముగ్గుపిండి వాడాలి. సున్నం గాలికి లేచి కళ్లలో పడితే ప్రమాదం.

క్లబ్బులు మూతపడటానికి సాధారణంగా చెప్పే కారణం యువతలో ఆసక్తి లేకపోవడం. అనేక సందర్భాల్లో అంతకుముందే పోయేది నేల. బడి ఆవరణలో కొత్త గది కట్టినా, ప్రహరీ లేచి గేటుకు తాళం పడినా, ఖాళీ స్థలం యజమాని ప్లాట్లు వేసినా అడిగే హక్కు క్లబ్బుకు ఉండదు. నోటి మాట మీద ఇరవై ఏళ్లు ఆడిన చోటును ఒక్క రోజులో వదులుకోవలసి వస్తుంది. పంచాయతీ స్థలమైతే తీర్మానం రాయించుకోవాలి. బడి స్థలమైతే ప్రధానోపాధ్యాయుడి నుంచి, పాఠశాల కమిటీ నుంచి వేళలతో సహా రాతపూర్వకంగా అనుమతి పొందాలి. ఇందుకు క్లబ్బుకు ఒక పేరు, ఒక రూపం ఉండాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులు కలిస్తే సంఘాన్ని నమోదు చేయించుకోవచ్చు. ఆపై సంఘం పేరిట బ్యాంకు ఖాతా తెరిచి, ఇద్దరి సంతకాలతోనే సొమ్ము తీసేలా పెట్టుకుంటే సగం తగాదాలు పుట్టకముందే పోతాయి.

పది మంది లెక్క

జట్టుకు ఐదుగురు చొప్పున కోర్టులో పది మంది ఉంటేనే ఆట. ఈ ఆటకున్న అందం అదే, ఇబ్బందీ అదే. ఏడుగురే వచ్చిన సాయంత్రం ఆట సాగదు. వచ్చినవారు కాసేపు కూర్చుని ఇంటికి పోతారు. అలాంటి సాయంత్రాలు వరుసగా మూడు గడిస్తే నాలుగో రోజు ఆ ఏడుగురూ రారు. అందుకే సంఖ్య తగ్గినప్పుడు ముగ్గురేసి, లేదా ఇద్దరేసి ఆడించే అలవాటు ఉండాలి. ఎంతమంది వచ్చినా ఆట ఆగకూడదు. పదిహేను మంది వస్తే ఓడిన జట్టు బయటికి, వేచి ఉన్నవారు లోపలికి అన్న నియమం పెద్దలకూ వర్తించాలి. సర్పంచి గారైనా, క్లబ్బుకు వల కొనిచ్చిన దాతైనా ఓడితే గట్టు మీద కూర్చోవలసిందే.

గీత బయట నిలబడి బంతులు అందించే పిల్లలే రేపటి జట్టు. వారికి బ్యాటు దొరికేది పెద్దలు అలసిపోయాకే అయితే, చీకటి పడేసరికి వారి వంతు రానే రాదు. పాఠశాల వదిలిన దగ్గరి నుంచి ముప్పావు గంట పూర్తిగా పిల్లలకు కేటాయించి, అందులో బాలికలు ఆడే రోజులను ముందే ప్రకటించడం మంచిది. పొద్దు గూకకముందే ఆట ముగుస్తుందని తెలిస్తే తల్లిదండ్రులు ఆడపిల్లలను పంపేందుకు సంకోచించరు. పాత బ్యాట్లకు నరాలు బిగించి పిల్లల కోసం విడిగా ఉంచాలి.

కరపత్రంలోనే తేల్చుకోవాలి

పోటీల్లో గొడవలు కోర్టులో మొదలైనట్లు కనిపిస్తాయి. వాటి విత్తు మాత్రం కరపత్రంలో రాయకుండా వదిలేసిన చోటే ఉంటుంది. గేముకు 29 పాయింట్లా, 35 పాయింట్లా అన్నది మొదటిది. పాత పద్ధతి 29, ప్రస్తుత నియమం 35. మూడు గేముల్లో రెండు గెలిచినవారిది మ్యాచ్. అదనపు ఆటగాళ్లతో కలిపి జట్టుకు పది మంది వరకు ఉండవచ్చు.

అన్నింటికన్నా పెద్ద చిక్కు అరువు ఆటగాళ్లది. బహుమతి సొమ్ము పెరిగేకొద్దీ ఊరి పేరు మీద పొరుగు జిల్లాల వారిని దింపడం పెరుగుతుంది. ఆట రక్తి కడుతుంది, నిజమే. అయితే ఏడాదంతా కోర్టు ఊడ్చిన కుర్రవాడు పండుగనాడు ప్రేక్షకుడవుతాడు. మరుసటి ఏడాది అతడు చీపురు పట్టడు. బయటివారిని అసలు అనుమతించకపోవడం ఒక పద్ధతి. జట్టుకు ఇద్దరికి మించకుండా అనుమతించడం మరో పద్ధతి. ఏది పెట్టుకున్నా గుర్తింపు కార్డు చూసి, ఆటగాళ్ల జాబితాను మొదటి మ్యాచ్‌కు ముందే మూసివేయాలి. ఒకే ఆటగాడు రెండు జట్లలో కనిపిస్తే ఏం చేస్తారో కూడా రాయాలి.

గంటల లెక్క

నాకౌట్ పద్ధతిలో మ్యాచ్‌ల సంఖ్య జట్ల సంఖ్య కన్నా ఒకటి తక్కువ. పదహారు జట్లు వస్తే పదిహేను మ్యాచ్‌లు. అవే జట్లను నాలుగేసి చొప్పున నాలుగు గ్రూపులు చేసి లీగ్ ఆడిస్తే గ్రూపుకు ఆరు వంతున 24, ఆపై రెండు సెమీఫైనళ్లు, ఫైనల్ కలిపి 27. మ్యాచ్‌కు సగటున గంట వేసుకుని చూస్తే, ఉన్నది ఒకే కోర్టు అయినప్పుడు పగటి వెలుగులో రోజుకు ఎనిమిదికి మించి సాగవు. నాకౌట్ రెండు రోజుల్లో ముగుస్తుంది, లీగ్ మూడు రోజుల్లోనూ ముగియదు. ఈ లెక్క వేయకుండా లీగ్ అని ప్రకటించి, చివరి రోజు అర్ధరాత్రి సెమీఫైనళ్లు ఆడించడం ఎవరికీ మేలు చేయదు. ఇరవై నాలుగు జట్లు వస్తే ఎనిమిదింటికి బై ఇవ్వక తప్పదు. ఆ చీటీలను జట్ల పెద్దల ఎదుట పిల్లల చేత తీయించాలి. ఆతిథ్య జట్టుకు బై రాకపోతే అందరికీ నమ్మకం కుదురుతుంది.

జనవరి ఉదయాల్లో మంచు మరో సమస్య. తడిసిన ఉన్ని బంతి బరువెక్కుతుంది, ఆకారం చెడుతుంది. ఆరిన బంతి 27 నుంచి 30 గ్రాముల మధ్య తూగుతుంది కనుక చెమ్మ పట్టినా తేడా చేతికి తెలిసిపోతుంది. నేల ఆరేవరకు, అంటే సుమారు తొమ్మిది గంటల వరకు ఆట మొదలుపెట్టకపోవడమే మంచిది. రాత్రి మ్యాచ్‌లకు దీపాలు పెట్టేవారు పొద్దుపోయాక మళ్లీ మంచు దిగుతుందని గుర్తుంచుకోవాలి. విద్యుత్తుకు తాత్కాలిక కనెక్షన్ తీసుకోవాలి. తీగలకు కొక్కేలు తగిలించడం నేరమే కాదు, ప్రాణాంతకం కూడా. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకు వాడరాదన్న నిబంధన 2000 సంవత్సరం నుంచి అమల్లో ఉంది. పోలీసులకు ముందుగా తెలియజేసి అనుమతి పొందితే పండుగ రద్దీలో ఇబ్బంది రాదు.

అంపైర్లుగా చుట్టుపక్కల మండలాల వ్యాయామ ఉపాధ్యాయులను పిలవడం ఆనవాయితీ. గీతల దగ్గర నిలబడేవారి విషయంలోనే నిర్లక్ష్యం కనిపిస్తుంది. ఎవరు ఖాళీగా ఉంటే వారిని నిలబెడతారు. కీలక పాయింటు దగ్గర అతడు ఫలానా జట్టు వారి మేనమామ అని బయటపడుతుంది. ఆడుతున్న రెండు ఊళ్లకూ చెందని వారినే అక్కడ ఉంచాలి. ఓడి ఇంటికి వెళ్లబోయే జట్ల నుంచి ఇద్దరిని ఆపుకుంటే ఆ కొరత తీరుతుంది.

బహుమతి కన్నా భోజనం బరువు

పదహారు జట్లకు పదేసి మంది వంతున 160 మంది, అంపైర్లు, కార్యకర్తలు కలిపి మరో ఇరవై. తొలి రోజు 180 ఆకులు వేయాలి. కరపత్రంలో పెద్ద అక్షరాలతో ఉండేది బహుమతి మొత్తమే అయినా, ఖాతా పుస్తకంలో బరువు తూగేది భోజనమే. దాతలు తండ్రి పేరిట కప్పు ఇవ్వడానికి ముందుకు వస్తారు, బంతులకు, బియ్యానికి అడిగితే వెనుకాడతారు. ఆ పేరునే భోజనాల పందిరికి పెడతామంటే కాదనేవారు అరుదు. వచ్చిన విరాళంలో కొంత భాగాన్ని ఏడాది పొడవునా బంతులు కొనడానికి ముందే తీసిపెట్టాలి. ప్రథమ బహుమతిని కాస్త తగ్గించినా వచ్చే జట్లు వస్తాయి. బంతి లేకపోతే మాత్రం ఫిబ్రవరిలో ఆట ఆగిపోతుంది.

తల్లిదండ్రులకు చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఇలాంటి క్లబ్బు పోటీల్లో ఇచ్చే ప్రశంసాపత్రం ఇంట్లో గోడకు అందమే తప్ప, కళాశాల సీటుకో ఉద్యోగానికో క్రీడా కోటాలో చూపేందుకు పనికిరాదు. అందుకు గుర్తింపు పొందిన సంఘాలు నిర్వహించే రాష్ట్ర, జాతీయ స్థాయి పోటీలు, పాఠశాల క్రీడలు, విశ్వవిద్యాలయాల మధ్య పోటీల్లో ఆడిన పత్రాలు కావాలి. నిర్వాహకులు జిల్లా సంఘం ప్రతినిధులను ఫైనల్ రోజున కాకుండా తొలి రోజే పిలిస్తే, ఓడిన జట్లలోని మంచి ఆటగాడు కూడా వారి కంట పడతాడు. జిల్లా జట్టు ఎంపికలు ఎప్పుడు, ఎక్కడ జరుగుతాయో వారి చేతనే మైకులో చెప్పించాలి.

పోటీలు ముగిసిన వారంలోగా జమాఖర్చులు సభ్యుల ఎదుట చదివి, నకలును పంచాయతీ నోటీసు బోర్డుపై అంటించాలి. వలను ఎండబెట్టి, మడిచి రేకు పెట్టెలో భద్రపరచాలి. గోనె సంచిలో వేసి బడి మూలన పడేస్తే వేసవికల్లా ఎలుకలు కొట్టేస్తాయి. కోర్టు ఖాళీ ఉండకుండా కనుమ మర్నాటి సాయంత్రానికి పాత వలనైనా కట్టడం మంచిది. పోటీలు చూసిన పిల్లలు బ్యాటు అడిగేది ఆ వారంలోనే.