గడి లేని చోట లెక్క లేదు: చెన్నపట్నపు పాఠశాలల గణన చెప్పే పాఠం



"అంకెలు అబద్ధం చెప్పవు" అన్న మాట మీరు సభలలోనూ, అధికారుల ఎదుటనూ అనేకసార్లు విని ఉంటారు. ఎందరు తెలుగు పిల్లలున్నారు, ఎన్ని తెలుగు బడులున్నాయి, ఎందరు చదువుతున్నారు అని అడుగుతారు. జవాబుగా ఒక అంకె చెబుతారు. చర్చ అక్కడితో ముగుస్తుంది. అయితే ఆ అంకె పుట్టడానికి ముందు ఎవరో ఒక ప్రశ్న వేశారు. ఆ ప్రశ్నకు ముందు వారి మనసులో "బడి అంటే ఇది, చదువు అంటే ఇది, భాష అంటే ఇది" అన్న ఒక భావన ఉన్నది. ఆ భావనకు అందినదే లెక్కలోకి వచ్చింది, అందనిది రాలేదు. సమాజశాస్త్రంలో దీనిని పరిశీలన సిద్ధాంతంపై ఆధారపడి ఉండడం అంటారు. 1958లో నార్వుడ్ రస్సెల్ హాన్సన్ అనే తత్త్వవేత్త విజ్ఞానశాస్త్రం విషయంలో దీనిని విపులంగా చర్చించాడు. మన పెద్దలు అంతకు ఎంతో ముందే, పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని ఒక్క సామెతలో చెప్పారు. ఈ విషయాన్ని మన చెన్నపట్నంలోనే, రెండు వందల సంవత్సరాల క్రితం జరిగిన రెండు ఉదంతాల ద్వారా మీ ముందు ఉంచుతాను.

మొదటిది భాషకు సంబంధించినది. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1812లో ఇక్కడ సెయింట్ జార్జి కోట కళాశాల ఏర్పడింది. ఆనాటి పాశ్చాత్య పండితులలో బలంగా ఉన్న అభిప్రాయం, భారతదేశపు భాషలన్నీ సంస్కృతం నుండి పుట్టినవేనని. 1814లో శ్రీరాంపురంలో విలియం కేరీ ప్రచురించిన తెలుగు వ్యాకరణం కూడా ఆ దృష్టితోనే వెలువడింది. ఆ దృష్టితో తెలుగును చూసినవారికి కనిపించినది ఏమిటి? గ్రంథాలలో అడుగడుగునా సంస్కృత పదాలే. వారు కళ్ళు మూసుకొని వ్రాయలేదు, కళ్ళు తెరిచే చూశారు. ఏమి చూడాలో మాత్రం ముందే నిర్ణయమై ఉన్నది.

1816లో మద్రాసులో ఎ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం వెలువడింది. దానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక ప్రత్యేక వ్యాసం జోడించాడు. సంస్కృత ధాతువులను, తెలుగు ధాతువులను పక్కపక్కన పేర్చి, ఇవి వేరు వేరని ఆయన చూపించాడు. తరువాత తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన పేర్చి, ఇవి ఒకే కుటుంబమని చూపించాడు. కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రావడానికి ఇది నలభై ఏళ్ళ ముందటి మాట.

మీరు గమనించవలసినది ఇక్కడ ఒకటి ఉన్నది. ఎల్లిస్‌కు కొత్త పదాలేవీ దొరకలేదు. కేరీ ఎదుట ఉన్న తెలుగే ఆయన ఎదుటా ఉన్నది. మారినది దానిని చూసే పద్ధతి. ఆ పద్ధతి సగం మన పండితులే ఆయనకు ఇచ్చారు. తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అనే విభజన మన వ్యాకరణ సంప్రదాయంలో శతాబ్దాలుగా ఉన్నది. కళాశాలలో సంస్కృతాంధ్రాలకు ప్రధాన పండితుడైన పట్టాభిరామశాస్త్రి సేకరించిన తెలుగు ధాతువులు, మచిలీపట్నపు మామిడి వెంకయ్య నిఘంటువు పీఠిక ఎల్లిస్ వాదానికి ఆధారాలైనాయి. "దేశ్యం" అనే మాట తెలిసినవాడికి దేశ్యం కనిపించింది. తెలియనివాడికి అది సంస్కృతపు వికృతిగా కనిపించింది. కనుక ముందస్తు భావన అనేది ఎప్పుడూ కళ్ళకు గంత మాత్రమే కాదు, ఒక్కొక్కప్పుడు అది దీపం కూడా.

రెండవ ఉదంతం చదువుకు సంబంధించినది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్ 25న ఒక ఉత్తర్వు వ్రాశాడు. ఈ దేశ ప్రజల విద్యాస్థితి గురించి ఎవరికి తోచినది వారు చెప్పడమే గాని నమ్మదగిన లెక్క లేదనీ, జిల్లా కలెక్టర్లందరూ పాఠశాలల సంఖ్య, విద్యార్థుల సంఖ్య పంపాలనీ దాని సారాంశం. ఉత్తర్వుతో పాటు నింపవలసిన పట్టిక కూడా వెళ్ళింది. అందులో బ్రాహ్మణులకు, వైశ్యులకు, శూద్రులకు, ఇతర కులాలకు, ముస్లిములకు గడులున్నాయి. బాలురకు, బాలికలకు గడులున్నాయి. బోధన భాషకు మాత్రం గడి లేదు. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం మాట్లాడే జిల్లాలన్నీ కలిసిన రాజధానిలో చదువును లెక్కిస్తూ, ఏ భాషలో చదువు అని పట్టిక అడగలేదు. పాలకులకు ఈ సమాజం ప్రధానంగా కులాల సమూహంగా కనిపించింది. కాబట్టి కులం లెక్కకు వచ్చింది.

కొందరు కలెక్టర్లు ఈ లోటును తామే పూరించారు. వారిలో ప్రముఖుడు 1823 ఆగస్టులో బళ్ళారి నుండి నివేదిక పంపిన కలెక్టరు. ఆయన మరెవరో కాదు, తెలుగు వ్యాకరణం వ్రాసిన ఆ క్యాంబెలే. బళ్ళారి జిల్లాలో 533 బడులున్నాయని చెప్పి, వాటిని భాషల వారీగా విడదీశాడు. కన్నడం 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు 1. ఎవరూ అడగని ప్రశ్నకు ఆయన జవాబు చెప్పాడు. పదేళ్ళు భాషలతో కుస్తీ పట్టినవాడికి బడిని చూడగానే భాష కనిపించడం సహజం. ఆ నివేదికలోనే, ప్రజలు పేదలై పోవడం వల్ల చదువు క్షీణిస్తున్నదనీ, వల్లె వేసే పద్యాల అర్థం పిల్లలకు తెలియడం లేదనీ కూడా వ్రాశాడు.

మరి అలవాటు లేని కళ్ళకు ఏమి కనిపించిందో చూడండి. కెనరా కలెక్టరు పట్టిక నింపనే లేదు. తన జిల్లాలో స్థిరమైన బడులు లేవనీ, చదువు ఇళ్ళలో జరుగుతుందనీ, కనుక పట్టిక నింపడం వల్ల ప్రయోజనం లేదనీ జవాబు వ్రాశాడు. అక్కడ చదువు ఉన్నదని ఆయన జవాబే చెబుతున్నది. అయినా ఆ చదువుకు పట్టికలో చోటు లేదు. లెక్కలో కెనరా ఖాళీగా మిగిలింది.

1826 మార్చి 10న మన్రో ఈ నివేదికలన్నిటినీ క్రోడీకరించి తన అభిప్రాయం వ్రాశాడు. జనాభా 1,28,50,941. బడులు 12,498. విద్యార్థులు సుమారు 1,88,000. అంటే 67 మందిలో ఒకరు. అయితే మొత్తం జనాభాతో పోల్చడం సరి కాదని ఆయనే అన్నాడు. చదువుకునే వయస్సు 5 నుండి 10 సంవత్సరాలని అనుకున్నాడు. మగవారి జనాభాలో తొమ్మిదో వంతు ఆ వయస్సువారని అనుకొని 7,13,000 అనే సంఖ్య కట్టాడు. బడిలో ఉన్న బాలురు 1,84,110 మంది కనుక నాలుగవ వంతు కంటె కొంచెం ఎక్కువమంది బడికి వెళుతున్నారని తేల్చాడు. 67లో ఒకరు ఎక్కడ, నలుగురిలో ఒకరు ఎక్కడ! విద్యార్థుల సంఖ్య మారలేదు. దేనితో భాగించాలి అన్న ఊహ మారింది. ఈ రెండవ లెక్కలో బాలికలు లేరన్నది కూడా మీరు గమనించే ఉంటారు.

అసలు విశేషం చెన్నపట్నానికి చెందినది. నగరంలో ఇళ్ళవద్ద చదువుకునే పిల్లలు 26,963 మంది అని కలెక్టరు నివేదించాడు. బడులలో చదివేవారికి ఇది సుమారు ఐదింతలు. మన్రో ఈ అంకెను చూసి, ఇందులో ఏదో పొరపాటు ఉండి ఉంటుందని వ్రాశాడు. మిగిలిన అంకెలపై ఆయనకు ఇంతటి అనుమానం కలగలేదు, దీనిపై కలిగింది. బడి ప్రధానం, ఇల్లు దానికి అనుబంధం అన్న భావన ఉన్నవాడికి ఇంటి చదువు బడి చదువుకు ఐదింతలు ఉండడం అసంభవంగా తోచింది. నిజంగానే ఆ అంకెలో పొరపాటు ఉండి ఉండవచ్చు. కాని నమ్మకానికి తగిన అంకెను ప్రశ్నించకుండా, నమ్మకానికి తగని అంకెను మాత్రమే ప్రశ్నించడం మానవ స్వభావం. మన్రోకు న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆయన ఆ అంకెను దాచలేదు. ఇంటి చదువు దేశమంతటా ఉన్నదేనని ఒప్పుకొని, దానిని కూడా కలిపితే చదువుకునే బాలుర నిష్పత్తి మూడవ వంతుకు చేరువ అవుతుందని సవరించాడు. ఈ స్థితి ఇంగ్లండుతో పోలిస్తే తక్కువే అయినా, కొంతకాలం క్రితం వరకు చాలా ఐరోపా దేశాలలో ఉన్న స్థితి కంటె మెరుగని కూడా వ్రాశాడు.

ఈ అంకెల కథ అక్కడ ఆగలేదు. 1931 అక్టోబరులో లండనులో గాంధీజీ, బ్రిటిషు పాలనలో భారతదేశం మునుపటికంటె నిరక్షరాస్యమైనదని అన్నారు. దానిని విద్యావేత్త ఫిలిప్ హార్టాగ్ తీవ్రంగా ఖండించి, 1939లో పుస్తకం కూడా ప్రచురించాడు. 1983లో ధర్మపాల్ మద్రాసు కలెక్టర్ల నివేదికలను సమగ్రంగా ప్రచురించి గాంధీజీ మాటను సమర్థించారు. ఒకే కాగితాలలో ఒకరికి ధ్వంసమైన విద్యావ్యవస్థ కనిపించింది, మరొకరికి విద్య అంతగా లేని దేశం కనిపించింది. ఈనాటికీ ఆ వివాదం సమసిపోలేదు.

అయితే అంకెలన్నీ బూటకమని, ఎవరి నిజం వారిదని నేను అంటున్నానా? కాదు. అలా అయితే మనం లెక్కలు మానుకొని ఇంట్లో కూర్చోవలసిందే. అంధగజన్యాయం మీకు తెలుసు. ఒకడు తొండం పట్టుకున్నాడు, ఒకడు కాలు పట్టుకున్నాడు. వారు చెప్పినదేదీ అబద్ధం కాదు. తాము పట్టుకున్నది ఏ భాగమో చెప్పకపోవడమే వారి దోషం. మన్రో తన ఊహలను కాగితంపై పెట్టాడు కనుకనే రెండు వందల ఏళ్ళ తరువాత మనం వాటిని పరీక్షించగలుగుతున్నాము. ఊహ లేని పరిశీలకుడు లేడు. ఊహను బయటపెట్టే పరిశీలకుడు, దాచే పరిశీలకుడు అని ఇద్దరున్నారు. మనం నమ్మవలసినది మొదటివాడిని.

ఇక మన ఇంటి విషయానికి వద్దాము. జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 1991లో 39 లక్షల పైచిలుకు, 2001లో 35 లక్షల పైచిలుకు, 2011లో 42 లక్షల పైచిలుకు. ఇరవై ఏళ్ళలో తగ్గి, మళ్ళీ పెరిగిన ఈ సంఖ్యను జనన మరణాలతో మాత్రమే వివరించడం కష్టం. రాకపోకలు కొంత కారణం కావచ్చు. ఇంటికి వచ్చిన గణకుడు ప్రశ్నను ఎలా అడిగాడు, ఇంటివారు దానిని ఎలా అర్థం చేసుకున్నారు అన్నది కూడా కారణం కావచ్చు. జనగణన నిర్వచనం ప్రకారం మాతృభాష అంటే బాల్యంలో తల్లి తనతో మాట్లాడిన భాష. కాని "మీరు ఏమి మాట్లాడతారు?" అని అడిగితే, తరతరాలుగా ఇక్కడ ఉన్న తెలుగు కుటుంబం "తమిళం" అనవచ్చు. "మీ అమ్మ మీతో ఏమి మాట్లాడేవారు?" అని అడిగితే ఆ కుటుంబమే "తెలుగు" అనవచ్చు. రెండూ నిజమే.

బడులలోనూ ఇంతే. 2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన చట్టం ప్రకారం తమిళం తప్పనిసరి అయి, 2006-07లో ఒకటవ తరగతితో మొదలై ఏటేటా పదవ తరగతి వరకు విస్తరించింది. తెలుగు పాఠ్యాంశంగా లేని బడిలో తెలుగు పిల్లవాడు తెలుగు విద్యార్థుల లెక్కలోకి రాడు. సాయంత్రం అమ్మమ్మ దగ్గర అ ఆలు దిద్దుకుంటున్నా రాడు. అప్పుడు "తెలుగు కోరేవారు లేరు" అన్న వాక్యం సిద్ధమవుతుంది, ఉపాధ్యాయుని పోస్టు పోతుంది. పోస్టు పోయిన తరువాత నిజంగానే కోరేవారు ఉండరు. ఊహ అంకెను కన్నది, అంకె ఊహను నిజం చేసింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతున్నది. కాని లెక్కలో కనిపించని బిడ్డకు ఏ అధికరణమూ అక్కరకు రాదు.

కనుక ఉపాధ్యాయ మిత్రులారా, మీ బడిలో ఒక సొంత పట్టిక తయారు చేయండి. తెలుగు పాఠ్యాంశంగా తీసుకున్నవారు ఎందరు, ఇంట్లో తెలుగు మాట్లాడేవారు ఎందరు, తెలుగు చదవగలిగినవారు ఎందరు, అవకాశం ఉంటే నేర్చుకుంటామనేవారు ఎందరు అని నాలుగు గడులు వేరువేరుగా పెట్టండి. ఒక గడితో మరొక గడిని కలపకండి. మన ఉత్సాహం కూడా ఒక ముందస్తు భావనే. తెలుగు ఇంటిపేరు ఉన్న ప్రతి బిడ్డనూ తెలుగు విద్యార్థి అని వ్రాసుకుంటే, మన్రో పట్టిక చేసిన పనినే మనం తిరగవేసి చేసినట్లవుతుంది.

తల్లిదండ్రులారా, రాబోయే జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా ప్రకటించారు. గణకుడు మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు మాతృభాష అన్న ప్రశ్న ఏ అర్థంలో అడుగుతున్నాడో తెలుసుకొని, నిజం చెప్పండి. తెలిసిన ఇతర భాషలకు కూడా వేరే గడి ఉంటుంది. తమిళం తెలుసునని అక్కడ చెప్పండి. ఒకటి చెప్పడానికి రెండవదానిని వదులుకోనక్కరలేదు.

1820లలో ఈ నగరంలో ఇళ్ళ అరుగులమీద చదువుకున్న 26,963 మందిలో తెలుగు చదివినవారు ఎందరో ఈనాడు మనం చెప్పలేము. ఆ ప్రశ్నకు గడి లేకపోయింది. మన పిల్లల గురించి రేపు ఎవరైనా అడిగితే జవాబు ఉండాలంటే, ఆ గడి ఈనాడు మనమే గీయాలి.