థియోడర్ రూజ్‌వెల్ట్ – శాసనసభ జీవితం (1882–1884)

అమెరికా 26వ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ (1858–1919) రాజకీయ జీవితం న్యూయార్క్ రాష్ట్ర శాసనసభలోని దిగువ సభ, అంటే అసెంబ్లీలో మొదలైంది. 1881 నవంబరు ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థిగా న్యూయార్క్ నగరం నుంచి గెలిచేనాటికి అతనికి 23 ఏళ్ళు. సభలో అందరికంటే చిన్నవాడు. అప్పట్లో సభ్యత్వ కాలం ఒక్క ఏడాదే. అతను వరసగా మూడుసార్లు ఎన్నికయ్యాడు.

కలవారి బిడ్డ, హార్వర్డ్‌లో చదివినవాడు. అలాంటి ఇళ్ళవాళ్ళు వార్డు రాజకీయాలంటే ముఖం చిట్లించే రోజులవి. రూజ్‌వెల్ట్ మాత్రం ఓ సారా దుకాణం పైఅంతస్తులో ఉన్న మార్టన్ హాల్‌కు వెళ్ళి, పార్టీ సమావేశాల్లో అందరితోపాటు కూర్చునేవాడు. స్థానిక నాయకుడు జో మరే అతన్ని అభ్యర్థిగా నిలబెట్టాడు.

మొదటి ఏడాదే పెద్దవాళ్ళతో తలపడ్డాడు. మన్‌హట్టన్ ఎలివేటెడ్ రైల్వే వ్యవహారంలో కోటీశ్వరుడు జే గూల్డ్‌కు రాష్ట్ర న్యాయమూర్తి వెస్ట్‌బ్రుక్ కొమ్ముకాశాడని ఆరోపిస్తూ సభలో విచారణకు పట్టుబట్టాడు. అభిశంసన అక్కర్లేదని చివరికి తేల్చినా, రూజ్‌వెల్ట్ పేరు పత్రికల్లో మారుమోగింది. 1883లో సభలో తన పార్టీ పక్షానికి నాయకుడయ్యాడు. డెమోక్రాట్ గవర్నర్ గ్రోవర్ క్లీవ్‌లాండ్‌తో కలిసి, ప్రతిభను బట్టి ప్రభుత్వోద్యోగాలిచ్చే చట్టం తేవడానికి కృషి చేశాడు.

ఈ మూడేళ్ళలో అన్నిటికంటే చెప్పుకోదగ్గది చుట్టల బిల్లు. అద్దె ఇళ్ళలో చుట్టలు చుట్టే పనిని నిషేధించాలని కార్మిక సంఘం కోరింది. ఎవరింట్లో వారు ఏం చేసుకుంటే ప్రభుత్వానికెందుకు అన్నది రూజ్‌వెల్ట్ పెరిగిన వాతావరణంలోని నమ్మకం. బిల్లును వ్యతిరేకించాలనే అనుకున్నాడు. కార్మిక నాయకుడు శామ్యూల్ గాంపర్స్ చెప్పింది విని, స్వయంగా ఆ ఇళ్ళకు వెళ్ళాడు. ఒకచోట రెండు కుటుంబాలు ఒకే గదిలో కాపురముంటున్నాయి. పొగాకు మంచం పక్కనా ఉంది, తిండి మిగుళ్ళు పడి ఉన్న మూలలోనూ ఉంది. పిల్లాపెద్దా పగలూ రాత్రీ అక్కడే పని, అక్కడే తిండి, అక్కడే నిద్ర. ఆ తర్వాత అతను బిల్లు తరఫున గట్టిగా నిలబడ్డాడు. చూసి మనసు మార్చుకోవడం శాసనసభ్యుడికి ఉండవలసిన గొప్ప గుణం. బిల్లు చట్టమైంది కానీ, 1885లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. ఆ న్యాయమూర్తులకు పేదవాడల బతుకు తెలియదని రూజ్‌వెల్ట్ తన ఆత్మకథలో విమర్శించాడు.

1884 ఫిబ్రవరి 14న అతని తల్లి, భార్య ఆలిస్ ఒకే ఇంట్లో, ఒకే రోజున కన్నుమూశారు. భార్య రెండు రోజుల ముందే ఆడపిల్లను ప్రసవించింది. కొద్దిరోజులకే రూజ్‌వెల్ట్ రాజధాని ఆల్బనీకి తిరిగివచ్చి, నగరాల కమిటీ అధ్యక్షుడిగా పనిలో మునిగిపోయాడు. న్యూయార్క్ మేయర్ చేసే నియామకాలకు నగరసభ ఆమోదం అక్కర్లేకుండా చేసిన చట్టం ఆ సమావేశాల్లోనిదే. ఆ ఏడాదితో అసెంబ్లీని వదిలి డకోటాలో పశువుల పెంపకానికి వెళ్ళాడు.

1899లో గవర్నర్‌గా మళ్ళీ ఆల్బనీకి వచ్చాడు. న్యూయార్క్ అద్దె ఇళ్ళ దుస్థితిపై విచారణ సంఘాన్ని వేసే చట్టం 1900లో అతని హయాంలోనే వచ్చింది.